మరమ్మతు నుంచి మాటు దాకా: శాలిబండ యంత్ర పరిభాష, లినక్స్‌లో తెలుగు – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగులో శాస్త్ర సాంకేతిక పరిభాషను గురించి జరిగిన చర్చ ఎక్కువగా పాఠ్యపుస్తకాలను, నిఘంటువులను, పత్రికలను ఆధారం చేసుకొని సాగింది. యంత్రాన్ని కనిపెట్టినవారి మాటలు, బోధించేవారి మాటలు అందులో చోటు చేసుకున్నాయి. చెడిపోయిన యంత్రాన్ని విప్పి బాగుచేసేవారి మాటలకు దక్కిన స్థానం స్వల్పం. హైదరాబాదు పాతబస్తీలోని శాలిబండను కేంద్రంగా తీసుకొని, గడియారాల కాలం నుంచి లినక్స్ కాలం వరకు మరమ్మతు పని స్వభావం ఎట్లా మారిందో, ఆ మార్పులో తెలుగుకు ఎక్కడ చోటు దొరికిందో, ఎక్కడ దొరకలేదో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

లినక్స్‌ను ఇక్కడ ప్రత్యేకంగా తీసుకోవడానికి కారణం ఉంది. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రణాళిక, 1991లో లైనస్ టోర్వాల్డ్స్ విడుదల చేసిన లినక్స్ కెర్నెల్ కలిసి ఏర్పడిన ఈ నిర్వహణ వ్యవస్థలో మూలరచన అందరికీ తెరిచి ఉంటుంది. ఎవరైనా విప్పి చూడవచ్చు, సరిచేయవచ్చు, సరిచేసినదాన్ని పంచవచ్చు. మరమ్మతుదారునికి యంత్రం పైమూతను తీసే హక్కు ఎట్లాంటిదో, మూలరచనను చదివే హక్కు అట్లాంటిది. అయితే ఈ రెండో హక్కు అక్షరాల మీద ఆధారపడినది. చదవగలిగినవారికే అది అందుతుంది. కాబట్టి లినక్స్ మరమ్మతు చరిత్రలో భాషా ప్రశ్న, లిపి ప్రశ్న మొదటినుంచీ ఇమిడి ఉన్నాయి.

1. శాలిబండ – భాషా నేపథ్యం

చార్మినారుకు దక్షిణంగా అలియాబాదు, ఫలక్‌నుమాల వైపు సాగే దారిలో శాలిబండ ఉంది. షా అలీ బండా అన్న పేరు జనం నోట నలిగి శాలిబండ అయింది. మూడు మాటలు ఒక్కటైన ఈ పేరులో తెలుగు చెవికి చివర బండ వినిపిస్తుంది. ఉర్దూ చదివినవారికి అదే ముక్క పర్షియన్ పదంగా తోస్తుంది. చుట్టుపక్కల హరిబౌలి, గౌలిపుర, లాల్‌దర్వాజా వంటి పేటల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఆషాఢంలో లాల్‌దర్వాజా సింహవాహిని, హరిబౌలి అక్కన్న మాదన్న మహంకాళి ఆలయాల బోనాలు ఈ దారులనే నింపుతాయి. బజారు భాష దక్కనీ, ఇంటి భాష తెలుగు, దుకాణం బోర్డు మీద ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు: ఇదీ ఇక్కడి పనివాడి భాషా పరిసరం.

ఇట్లాంటి చోట పనిముట్ల పేర్లు ఒకే భాషకు చెంది ఉండవు. ఈ నగరంలోనే పరిభాషా నిర్మాణానికి రెండు పెద్ద ప్రయత్నాలు జరిగాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉర్దూ మాధ్యమ బోధన కోసం 1917లో దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ ఏర్పడింది. తెలుగు మాధ్యమ ఉన్నతవిద్య కోసం 1968లో తెలుగు అకాడమి ఏర్పడింది. రెండూ పాండిత్యంతో, క్రమశిక్షణతో మాటలను నిర్మించాయి. బజారు మాత్రం ఆ మాటల కోసం ఆగలేదు. చేతికి వచ్చిన పనిముట్టుకు అప్పటికప్పుడు నోటికి వచ్చిన పేరు పెట్టుకుంది. ఈ రెండు ధోరణుల మధ్య దూరమే తరువాత తెలుగు లినక్స్ అనువాదాల్లోనూ కనిపిస్తుంది.

2. గడియారం నుంచి కంప్యూటర్ దాకా

చార్మినారు మీద నాలుగు వైపులా గడియారాలు 1889లో అమరాయి. 1892లో అస్మాన్‌జా మహబూబ్ చౌక్ గడియార స్తంభాన్ని కట్టించాడు. శాలిబండలో రాజా రాయ్ రాయన్ దేవిడీ వద్ద ఉన్న గడియార స్తంభం కూడా ఆ పరంపరలోనిదే. బహిరంగ గడియారం వచ్చిన చోట దాన్ని తుడిచి, నూనె వేసి, కీ ఇచ్చి, చెడితే విప్పేవాడు కూడా కావాలి. గడియారపు మరమ్మతులో దోషం కంటికి, చెవికి దొరుకుతుంది. పన్ను అరిగిందా, చుట్ట సడలిందా, లయ తప్పిందా అన్నది చూసి, విని తేల్చవచ్చు. గురువు చేతిని చూస్తూ శిష్యుడు నేర్చుకుంటాడు. ఉస్తాదు, షాగిర్దు అన్న మాటలు ఆ సంబంధాన్నే చెబుతాయి. ఈ విద్యకు చదువు అడ్డంకి కాలేదు.

1930ల్లో దక్కన్ రేడియో ప్రసారాలు మొదలయ్యాక విద్యుత్ పరికరాల మరమ్మతు పెరిగింది. ఇక్కడ దోషం కంటికి దొరకదు. మీటరు ముల్లు చూపాలి, లేదా ఒక భాగాన్ని తీసి మంచిదని తెలిసిన మరో భాగాన్ని పెట్టి చూడాలి. ఈ ‘మార్చి చూసే’ పద్ధతి తరువాత కంప్యూటర్ మరమ్మతుకు పునాది అయింది.

కంప్యూటర్ విషయంలో హైదరాబాదుకు తొలినాళ్ల నుంచే సంబంధం ఉంది. 1967లో ఇక్కడ స్థాపించిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థ, ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ శ్రేణిలోని టీడీసీ–12 యంత్రాన్ని 1969లో వెలువరించింది. ఆ సంస్థకు తొలి సారథి ఎ.ఎస్.రావు పేరు నగరంలో ఒక పేటకు నిలిచింది. అయితే అవి పరిశోధన సంస్థల యంత్రాలు. 1984 నవంబరులో వచ్చిన కంప్యూటర్ విధానం, 1991 తరువాతి ఆర్థిక సరళీకరణ విడిభాగాల దిగుమతిని సులభం చేశాక, భాగాలు కొని ఒకచోట కూర్చే ‘అసెంబుల్డ్’ కంప్యూటర్ మధ్యతరగతి ఇంటికి చేరింది. కోఠీలోని గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్ విడిభాగాలకు, సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ కంప్యూటర్ భాగాలకు పేరుపడ్డాయి. పురానాపూల్ దగ్గరి జుమ్మేరాత్ బజారు వంటి సంతల్లో పాత సరుకుకు రెండో జన్మ దొరికింది. పాతబస్తీ చిన్న దుకాణం ఈ మూడింటి మధ్య వారధిగా నిలిచింది.

గడియారానికీ కంప్యూటర్‌కూ ఉన్న చుట్టరికం పైకి కనిపించేదానికన్నా దగ్గరిది. చేతి గడియారంలోని క్వార్ట్జ్ స్ఫటికం క్షణానికి 32,768 సార్లు కంపిస్తుంది. కంప్యూటర్ మదర్‌బోర్డు మీద కాలాన్ని లెక్కించే స్ఫటికానికీ సాధారణంగా ఇదే కంపన సంఖ్య ఉంటుంది. రెండును పదిహేనుసార్లు హెచ్చవేస్తే వచ్చే సంఖ్య ఇది కాబట్టి, సగం చేస్తూ పోతే సరిగ్గా ఒక క్షణం తేలుతుంది. బోర్డు మీది మూడు వోల్టుల బిళ్ల బ్యాటరీ అయిపోతే కంప్యూటర్ తన కాలాన్ని మరచిపోతుంది. తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు లినక్స్ తన డిస్కును పరీక్షించుకొని, ఈ డిస్కును కిందటిసారి వాడిన సమయం భవిష్యత్తులో ఉన్నదని ఫిర్యాదు చేస్తుంది. తేదీ తప్పినందువల్ల భద్రతా పత్రాలు చెల్లక అంతర్జాల పుటలు తెరుచుకోవు. ఇదంతా గడియారం చెడిన లక్షణమే. అయితే లక్షణం ముల్లు రూపంలో కనిపించక వాక్యం రూపంలో కనిపించింది. ఆ వాక్యం ఇంగ్లీషులో ఉంది.

3. మరమ్మతు మాటల పుట్టుక

మరమ్మతు అన్న మాట అరబ్బీ మూలం నుంచి పర్షియన్, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చింది. చెరువు మరమ్మతు, ఇంటి మరమ్మతు అన్న ప్రయోగాలు పాలనాపత్రాల్లో స్థిరపడ్డాయి. సి.పి.బ్రౌన్ 1852 నాటి తెలుగు–ఇంగ్లీషు నిఘంటువుతో పాటు, తెలుగులో వాడుకలో ఉన్న అన్యదేశ్యాలకు మిశ్రభాషా నిఘంటువును ప్రత్యేకంగా కూర్చడం, ఇట్లాంటి మాటల బలాన్ని ఆయన గుర్తించాడనడానికి సాక్ష్యం.

పనిముట్ల పేర్లలో ఈ కలయిక మరింత స్పష్టం. మరను తిప్పే సాధనానికి పాతబస్తీలో పేచ్‌కస్ అంటారు. మెలిక, మర అనే అర్థమున్న పేచ్ అన్న పర్షియన్ మాట అందులో ఉంది. పనిలో పెద్దవాడైన మేస్త్రీ పోర్చుగీసు నుంచి వచ్చాడు. రాగి, ఇత్తడి పాత్రలకు తగరం పూత పూసే కళాయి అరబ్బీ నుంచి వచ్చింది. పాత్రకు చిల్లిపడితే లోహంతో మూసే పనికి తెలుగులో మాటు వేయడం అన్న సొంత మాట ఉంది. టంకం కూడా ఈ కుటుంబంలోనిదే.

ఈ మాటలు ఎలక్ట్రానిక్ మరమ్మతుకు సరిగ్గా అతుకుతాయి. సోల్డరింగ్ కడ్డీ మొనకు ముందుగా కరిగిన తగరపు పూత పూయకపోతే మాటు అంటుకోదు. ఆ పనిని కళాయి పెట్టడం అనవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో దోషమున్న చోట కొద్ది పంక్తుల సవరణను అతికించడాన్ని ఇంగ్లీషులో ప్యాచ్ అంటారు. మాటు అన్న మాటకున్న అర్థచ్ఛాయ అదే: పాత్ర మొత్తాన్ని మార్చకుండా చిల్లి ఉన్నంత మేరకే మూయడం. తెలుగు అనువాదకులు కొత్త సంస్కృత సమాసాలను నిర్మించుకుంటున్న కాలంలో ఈ మాటలు కంచరి వీధిలో వాడుకలోనే ఉన్నాయి.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశాల పరంపర ఇక్కడ గుర్తుకు రావాలి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదకోశం 1962లో వచ్చింది. చేనేత, గృహనిర్మాణం వంటి వృత్తులకూ సంపుటాలు వెలువడ్డాయి. పొలానికి, మగ్గానికి వెళ్లి, పనిచేసేవారి నోట విని మాటలను నమోదు చేయడం ఆ కోశాల పద్ధతి. రేడియో, టీవీ, కంప్యూటర్ మరమ్మతు వృత్తులను అదే పద్ధతిలో పరిశీలించి ఉంటే, లినక్స్ అనువాదకుల చేతికి ఒక సిద్ధమైన పదసంపద అంది ఉండేది.

4. లినక్స్ – చదివి చేసే మరమ్మతు

మన దేశంలో లినక్స్ మొదట సీడీల రూపంలో వ్యాపించింది. 1996 మార్చిలో పీసీ క్వెస్ట్ పత్రిక తన సంచికతో లినక్స్ సీడీని అందించింది. అంతర్జాల వేగం తక్కువగా ఉన్న కాలంలో పత్రిక సీడీలే చాలామందికి ప్రవేశద్వారాలయ్యాయి. 2000 తరువాత నాపిక్స్ వంటి ‘లైవ్’ సీడీలు వచ్చాయి. డిస్కులో ఏదీ స్థాపించకుండానే సీడీ నుంచి నేరుగా వ్యవస్థను నడిపించడం వీటి ప్రత్యేకత. మరమ్మతుదారునికి ఇది గొప్ప సాధనం. సీడీతో యంత్రం సవ్యంగా నడిస్తే జ్ఞాపకశక్తి పలకలు, ప్రాసెసరు, తెర బాగున్నాయని, దోషం డిస్కులోనో అందులోని వ్యవస్థలోనో ఉన్నదని తేలుతుంది. మంచి భాగాన్ని పెట్టి చూడాలన్న రేడియో కాలపు సూత్రమే ఇక్కడ మొత్తం వ్యవస్థకు వర్తించింది.

చేతిపనిలో పాత పద్ధతులు కొనసాగాయి. ర్యామ్ పలకను ఊడదీసి, దాని బంగారు పూత అంచును పెన్సిల్ రబ్బరుతో తుడిచి తిరిగి బిగించడం, దుమ్ము ఊదడం, ఉబ్బిన కెపాసిటర్‌ను గుర్తించి మార్చడం, యంత్రం మొదలయ్యేటప్పుడు వచ్చే బీప్ శబ్దాలను లెక్కించడం అన్నీ కన్ను, చెవి, చేతి పనులే. లినక్స్ వీటికి మరో ఇంద్రియాన్ని జోడించింది. వ్యవస్థ తన ప్రతి అడుగును పాఠంగా రాసిపెడుతుంది. ఏ భాగం పలికింది, ఏది పలకలేదు, ఏ క్షణాన ఏ దోషం కలిగింది అన్నది ఆ దినచర్యలో ఉంటుంది. దాన్ని చదవడమే రోగనిర్ధారణ. నిరక్షరాస్యుడైన నిపుణునికి గడియారపు మరమ్మతులో అడ్డులేదు. లినక్స్ మరమ్మతులో ఉంది. వృత్తి చరిత్రలో ఇది పెద్ద మలుపు.

పాత యంత్రాల ఆయువుకూ లినక్స్‌కూ ఉన్న సంబంధం ఆర్థికమైనది కూడా. విండోస్ ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న ముగిసింది. ప్రతిసారీ పనిచేస్తున్న యంత్రాలే పాతవిగా మారాయి. తేలికపాటి లినక్స్ వాటికి మరికొన్నేళ్ల పని ఇవ్వగలదు. అయితే లినక్స్ కూడా అన్నింటినీ మోయదు. కెర్నెల్ 2013లో విడుదలైన 3.8 సంచికతో 386 ప్రాసెసర్లను వదిలింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ల పీసీలకు స్థాపకం లేదు. ఏ యంత్రం బతకాలన్న నిర్ణయం ఇక్కడా జరుగుతుంది. కాని అది బహిరంగ చర్చలో జరుగుతుంది. అభ్యంతరం ఉన్నవారు మూలరచనను తీసుకొని కొనసాగించుకోవచ్చు.

5. లినక్స్ తెర మీదికి తెలుగు

లినక్స్ పుట్టిన 1991లోనే తెలుగు లిపి చరిత్రకు ముఖ్యమైన మరో రెండు ఘటనలు జరిగాయి. భారతీయ లిపులకు ఇస్కీ సంకేత ప్రమాణం ఆ ఏడాది వచ్చింది. యూనికోడ్ తొలి సంచిక కూడా ఆ ఏడాదే వెలువడింది. ఇస్కీ క్రమాన్ని అనుసరించి యూనికోడ్ తెలుగుకు 128 స్థానాలను కేటాయించింది. అయితే సంకేతం ఉండడం వేరు, తెర మీద అక్షరం సరిగా కనిపించడం వేరు. తెలుగులో వత్తు కిందికి దిగాలి, గుణింతపు గుర్తు హల్లుతో కలవాలి. ఈ కూర్పు చేసే యంత్రాంగం కావాలి.

2002లో వచ్చిన ప్యాంగో 1.0 లినక్స్ మేజాబల్లకు ఈ యంత్రాంగాన్ని అందించింది. తరువాత హార్ఫ్‌బజ్ ఆ పనిని మరింత కచ్చితంగా చేసింది. ఫాంట్ల విషయంలో తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన యూనికోడ్ ఫాంట్లు మార్గదర్శకాలు. 2004లో రెడ్ హ్యాట్ సంస్థ లోహిత్ ఫాంట్లను స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేసింది. సంస్కృతంలో లోహితం ఎరుపు. సంస్థ పేరులోని ఎరుపే ఫాంటు పేరులో పలికింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. 2005లో హైదరాబాదులో స్వేచ్ఛ పేరుతో తెలుగు నిర్వహణ వ్యవస్థ విడుదలైంది. ఆ పేరే తరువాత స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమ సంస్థ పేరుగా నిలిచింది. ఈ కృషిలో ఎక్కువ భాగం స్వచ్ఛంద సేవకులది, విద్యార్థులది.

లిపి కూర్పులో దోషాలు ఎంత దూరం పోగలవో 2018 ఫిబ్రవరిలో ప్రపంచానికి తెలిసింది. జ్ఞ అన్న సంయుక్తాక్షరానికి, ఆ పక్కనున్న దీర్ఘానికి నడుమ, అక్షరాలను కలవనీయని అదృశ్య గుర్తు ఒకటి చేరిన తెలుగు అక్షర క్రమం ఐఫోన్ అనువర్తనాలను కూల్చివేసింది. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న సవరణ విడుదల చేసింది. ఆ అదృశ్య గుర్తు తెలుగువారు రోజూ వాడేదే. సాఫ్ట్‌వేర్ అన్న మాటలో టకారపు పొల్లు విడిగా నిలవాలంటే అది కావాలి. లేకపోతే టకారానికి వకారం వత్తుగా చేరుతుంది. కంటికి చిన్న తేడా. వెతికే యంత్రానికి మాత్రం అవి రెండు వేర్వేరు మాటలు.

6. అనువాదంలో వ్యాకరణం

లినక్స్ సందేశాల అనువాదం ఎక్కువగా గెట్‌టెక్స్ట్ పద్ధతిలో జరుగుతుంది. మూలంలోని ఇంగ్లీషు వాక్యమే తాళంచెవి. దానికి తెలుగు వాక్యం ఉంటే తెలుగు కనిపిస్తుంది, లేకపోతే ఇంగ్లీషే కనిపిస్తుంది. వాక్యంలో దస్త్రం పేరు వంటివి రావలసిన చోట ఒక ఖాళీ గుర్తు ఉంటుంది. నడిచే సమయంలో యంత్రం దాన్ని నింపుతుంది.

ఇక్కడ తెలుగు స్వభావం అడ్డుతగులుతుంది. ద్వితీయా విభక్తిలో నివేదిక నివేదికను అవుతుంది, సూచి సూచిని అవుతుంది, పుస్తకం పుస్తకాన్ని అవుతుంది. ఖాళీలో ఏ పేరు రాబోతుందో అనువాదకునికి తెలియదు కాబట్టి ప్రత్యయం ముందుగా రాయడం కుదరదు. ‘అనే దస్త్రాన్ని’ అని చేర్చడం ఒక పరిష్కారం. విభక్తి భారం దస్త్రం అన్న స్థిరమైన మాట మీద పడి, ఖాళీలోని పేరు మారకుండా నిలుస్తుంది.

కర్త విషయం ఇంకా సూక్ష్మమైనది. దస్త్రాన్ని తెరవడం సాధ్యం కాలేదని చెప్పే ఇంగ్లీషు సందేశంలో కర్త ఉండదు. తెలుగు క్రియ పురుషను అడుగుతుంది. తెరవలేకపోయాను అంటే యంత్రం తన గురించి చెప్పినట్లు, తెరవలేకపోయారు అంటే తప్పు వాడుకరిదైనట్లు, తెరవలేకపోయింది అంటే వేరే యంత్రాన్ని గురించి చెప్పినట్లు వినిపిస్తుంది. ‘తెరవడం కుదరలేదు’ అన్న భావార్థక ప్రయోగం ఈ చిక్కును తప్పిస్తుంది. దోషం ఎవరిదో తేల్చడమే మరమ్మతు కాబట్టి, ముందే ఒకరిని దోషిని చేయని వాక్యం ఇక్కడ అవసరం.

మర్యాద విషయంలో అనువాదకులు ఒక చక్కని విభజన చేశారు. పట్టికలోని ఆజ్ఞలు తెరువు, భద్రపరచు అన్న రూపంలో ఉంటాయి. అవి మనిషి యంత్రానికి చెప్పే మాటలు. యంత్రం మనిషికి చెప్పేటప్పుడు ఎంచుకోండి, వేచివుండండి అంటుంది. ఇంగ్లీషులో ఒకే క్రియారూపంతో సరిపోయే చోట తెలుగు ఇద్దరు వక్తలను వేరుచేసి చూపింది.

పదాల ఎంపికలో దస్త్రం, వాడుకరి, మీట, తెర, అమరికలు వంటివి నిలిచాయి. దస్త్రం కచేరీ నుంచి వచ్చింది. వాడుకరి వాడుక అన్న మాట నుంచి సహజంగా పుట్టింది. బజారుకు, వాడుకకు దగ్గరగా ఉన్న మాటలే నిలిచాయన్నది ఈ కొద్ది ఉదాహరణల నుంచే ఊహించవచ్చు.

7. నల్ల తెర

ఇంతవరకు చెప్పినది వ్యవస్థ సవ్యంగా ఉన్నప్పటి తెలుగు. వ్యవస్థ విఫలమైనప్పుడు చిత్రాలు, కిటికీలు పోయి నల్ల తెర మిగులుతుంది. దాన్ని కన్సోల్ అంటారు. మరమ్మతుదారుడు పనిచేసేది అక్కడే. అక్కడ తెలుగు లేదు.

కారణం హార్డ్‌వేర్ చరిత్రలో ఉంది. 1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏ ప్రమాణంలో పాఠ్య తెర ఒకేసారి 256 అక్షర రూపాలను, గరిష్ఠంగా 512 రూపాలను చూపగలదు. తరువాత తెరలు మారినా లినక్స్ కన్సోల్ ఈ హద్దును మోస్తూ వచ్చింది. తెలుగుకు ఇది ఎంత ఇరుకో లెక్కవేయవచ్చు. ముప్పైఐదు హల్లులకు తలకట్టుతో మొదలుపెట్టి ఔత్వం వరకు పద్నాలుగు రూపాలు చొప్పున 490 అవుతాయి. పొల్లులను చేర్చితే 525. ఒక్క వత్తు కూడా రాయకముందే 512 దాటిపోయింది. ఒక్కో రూపాన్ని ముక్కలుగా చేసి కూర్చుదామంటే ఆ కూర్పు యంత్రాంగం కన్సోల్‌లో లేదు. అందుకే డెబియన్ స్థాపకంలో తెలుగు చిత్రరూప స్థాపకంలో మాత్రమే లభిస్తుంది. పాఠ్య స్థాపకంలో దాన్ని ఎంచుకోలేము. కెర్నెల్ సొంత సందేశాలు ఎటూ ఇంగ్లీషులోనే ఉంటాయి.

ఉర్దూ పరిస్థితీ ఇదే. అక్షరాలు ఒకదానికొకటి కలిసి రూపం మార్చుకొనే లిపి కన్సోల్‌లో నిలవదు. చట్టాబజారు ఖుష్‌నవీసుల చేతిరాత 1990ల్లో కంప్యూటర్ నస్తాలీఖ్‌లోకి మారింది. కాని నల్ల తెర మీదికి రాలేదు. శాలిబండ రెండు భాషలూ ఒకే గడప దగ్గర ఆగిపోయాయి.

దీనికి ఎదురువాదం ఉంది. మరమ్మతుదారుడు ఇంగ్లీషు సందేశాన్నే కోరుకుంటాడని, ఎందుకంటే దాన్ని వెతికితేనే ప్రపంచంలో ఎక్కడో ఎవరో రాసిన పరిష్కారం దొరుకుతుందని అంటారు. అనుభవజ్ఞులు తెలుగు వ్యవస్థలో సైతం ఎల్‌సీ ఆల్ అనే చలరాశి విలువను మార్చి సందేశాలను ఇంగ్లీషుకు తిప్పుకుంటారన్నది నిజమే. ఈ వాదాన్ని తోసిపుచ్చలేము. అయితే అది నిపుణుని అవసరం. షాగిర్దు అవసరం వేరు. పని నేర్చుకొనేవాడికి సందేశంలో ఏముందో మొదట అర్థం కావాలి. అర్థం తెలియకుండా నకలు చేసి వెతికేవాడు పరిష్కారాలను కంఠస్థం చేస్తాడు, కారణాలను నేర్చుకోడు. రెండు అవసరాలనూ తీర్చే దారి ఉంది. ప్రతి దోషానికి భాషతో సంబంధం లేని ఒక సంఖ్య ఉండి, దాని పక్కన తెలుగు వివరణ ఉంటే, వెతకడానికి సంఖ్య, నేర్చుకోవడానికి వివరణ ఉపకరిస్తాయి. 2012 ప్రాంతంలో మొదలైన కెఎంఎస్‌కాన్ ప్రయత్నం ప్యాంగో సాయంతో కన్సోల్‌లోనూ 512 రూపాల హద్దును దాటవచ్చునని చూపింది. కాబట్టి అడ్డంకి సాంకేతిక అసాధ్యత కాదు. అవసరాన్ని గుర్తించి అడిగేవారు తక్కువ కావడమే అడ్డంకి.

8. పాత డిస్కులు – కొత్త తాళపత్రాలు

ఈ విషయం తెలుగు శాఖలకు నేరుగా సంబంధించినది కూడా. 1990ల నుంచి రెండు దశాబ్దాల పాటు తెలుగు పుస్తకాలు, పరిశోధన గ్రంథాలు, చిన్న పత్రికలు ఎక్కువగా యూనికోడ్‌కు వెలుపలి ఫాంట్లలో అక్షరబద్ధమయ్యాయి. ఆ దస్త్రాల్లో ఉన్నది నిజానికి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. ఫలానా ఫాంటు ఉంటేనే అవి తెలుగుగా కనిపిస్తాయి. ఫాంటు పోతే పాఠం అర్థంలేని గుర్తుల గుంపు అవుతుంది. వాటిని దాచిన డిస్కులు ఇప్పుడు వయసు మీరుతున్నాయి.

చెడుతున్న డిస్కును బాగుచేసేవారు పాటించే మొదటి నియమం, మూలం మీద పనిచేయకూడదన్నది. ముందు గ్నూ డీడీరెస్క్యూ వంటి సాధనంతో డిస్కుకు యథాతథ ప్రతి తీస్తారు. ఆ సాధనం సులభంగా చదవగలిగిన భాగాలను ముందు చదివి, మొండికేసిన భాగాలను చివరకు వదిలిపెట్టి, ఎక్కడెక్కడ లోపాలున్నాయో పట్టిక రాస్తుంది. తరువాతి పనంతా ప్రతి మీదనే. గ్రంథ పరిష్కర్తలకు ఇది తెలిసిన దారే. శిథిల తాళపత్రానికి బ్రౌన్ పండితులచేత ప్రతులు రాయించి, వాటిని పోల్చిచూసి పాఠ నిర్ణయం చేయించాడు. గ్రంథపాతాలు ఉన్న చోట ఊహించి పూరించక చుక్కలు పెట్టడం పరిష్కర్త ధర్మం. డీడీరెస్క్యూ పట్టికలో నమోదయ్యే చదవలేని భాగాలు ఆ చుక్కల వంటివే.

ప్రతి తీశాక ఫాంటు సంకేతాలను యూనికోడ్‌లోకి మార్చాలి. వెన్న నాగార్జున రూపొందించిన పద్మ వంటి సాధనాలు దీనికి దారి చూపాయి. మార్పిడిలో వత్తుల క్రమం, అరసున్న, బండిరల దగ్గర తప్పులు దొర్లే అవకాశం ఎక్కువ. వాటిని పట్టుకోవడానికి యంత్రజ్ఞానం చాలదు. ఛందస్సు, వ్యాకరణం తెలిసినవారు కావాలి. గణం తప్పిన పద్యపాదం ఎక్కడ సంకేతం చెడిందో చూపుతుంది. దస్త్రాల పేర్ల విషయంలోనూ జాగ్రత్త కావాలి. వ్యాప్తిలో ఉన్న యూటీఎఫ్–8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. శాలిబండ అన్న నాలుగక్షరాల మాటలో ఏడు సంకేతాలు, ఇరవైఒక్క బైట్లు ఉన్నాయి. లినక్స్ దస్త్రవ్యవస్థల్లో పేరుకు సాధారణంగా 255 బైట్ల హద్దు ఉంటుంది కాబట్టి తెలుగు పేరుకు 85 సంకేతాలకు మించి చోటు లేదు. గ్రంథం పూర్తి శీర్షికనే పేరుగా పెట్టే అలవాటు ఇక్కడ చిక్కు తెస్తుంది.

ఉపసంహారం

గడియారం నుంచి లినక్స్ వరకు సాగిన ఈ చరిత్రలో మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, మరమ్మతు పని కన్ను, చెవి, చేతుల నుంచి క్రమంగా చదువు వైపు జరిగింది. అందువల్ల భాష ఆ వృత్తిలో ప్రవేశానికి షరతుగా మారింది. రెండవది, తెలుగు లినక్స్ మేజాబల్ల మీద గౌరవంగా స్థిరపడింది కాని, యంత్రం చెడినప్పుడు తెరుచుకొనే నల్ల తెర దాకా చేరలేదు. ఏ భాష అయినా ఆపద సమయంలో పనికివచ్చినప్పుడే ఆ రంగంలో పూర్తిగా నిలిచినట్లు. మూడవది, పాతబస్తీ పనివారి మాటల్లో కొత్త అవసరాలకు సరిపోయే పదసంపద ఉంది. దాన్ని నమోదు చేయడం ఆలస్యమవుతోంది.

తెలుగు శాఖలు చేయదగిన పనులు దీన్నుంచే ఏర్పడతాయి. వృత్తిపదకోశాల పద్ధతిలో ఎలక్ట్రానిక్, కంప్యూటర్ మరమ్మతు పదాలను శాలిబండ, కోఠీ, పార్క్‌లేన్ దుకాణాలకు వెళ్లి సేకరించడం ఒకటి. లినక్స్ దోష సందేశాల తెలుగు అనువాదాలను వ్యాకరణ దృష్టితో పరిష్కరించి, అభావకర్తృక వాక్యాలకు, విభక్తి ప్రయోగాలకు ఏకరూపత తేవడం ఒకటి. శాఖల్లో, ముద్రణాలయాల్లో మిగిలిన పాత డిస్కులకు ప్రతులు తీసి యూనికోడ్‌లోకి మార్చే పనిని గ్రంథ పరిష్కరణలో భాగంగా పరిశోధక విద్యార్థులకు అప్పగించడం ఇంకొకటి. వీటిలో చివరిది గడువున్న పని. తాళపత్రం శతాబ్దాలు ఆగింది. డిస్కు అంతకాలం ఆగదు.